మూడో బెల్లు

ఆ వేసవిలో మా వీధిలో అందరికంటే ఎక్కువ పనిచేసింది సూర్యుడు. ఆయన తర్వాత మా మామయ్య. ఇద్దరికీ జరిగిన పోటీలో ఎవరు గెలిచారో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు కానీ, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నేను కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నా మాట నమ్మండి.

మామయ్య అంటే మా ఆయనకి నాన్న. నాటకశాలలో దీపాలు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అత్తయ్య అక్కడే వేషాలకి బట్టలు కుట్టేది. ఇంట్లో వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటే పక్కింటివాళ్ళు కిటికీలు తెరుచుకుని వినేవాళ్ళు. మా ఆయన దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉంటే నిద్రపోతుంటాడు, లేకపోతే ఉండడు. అందుకని ఈ కథలో ఆయనకి పెద్దగా వేషం లేదు. నేను వీధి చివర బేకరీలో మధ్యాహ్నం నుంచి రొట్టెలు కాలుస్తాను. నేను పనికెళ్ళాక నా కూతురు వాళ్ళ తాతయ్య సొత్తు. దానికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. అసలు పేరు స్కూల్లో వేసేదాకా పనికిరాలేదు. అందరూ పిడుగు అనే పిలిచేవారు.

మామయ్యకి ఒక గర్వం ఉండేది. ఆయన ఉద్యోగం చేసినంతకాలం ఒక్క ఆటా ఆగలేదు. నాటకానికి మొదటి బెల్లు, రెండో బెల్లు, మూడో బెల్లు కొడతారు. మూడోది మోగిందంటే తెర లేవాల్సిందే. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో దీపాలు వేశాడట. పెద్ద దీపం పేలిపోతే గేటు దగ్గర కుర్రాడి చేతిలో టార్చి లాక్కుని దాంతోనే యుద్ధం సీను మొత్తం నడిపించాడట. ఈ సంగతి మా పెళ్ళిచూపుల్లోనే చెప్పాడు. అమ్మాయికి వంట వచ్చా అని అడగడం మర్చిపోయాడు.

ఇక మా ఇళ్ళ మధ్యలో పిల్లల ఆటస్థలం. రెండు ఉయ్యాలలు, ఇసుక, మోకాలెత్తు దాటని మొక్కలు, మధ్యలో పడమటి వైపు తిరిగి ఒక స్టీలు జారుడుబల్ల. సాయంత్రం కాగానే మామయ్య పిడుగు చెయ్యి పట్టుకుని, దాని చిన్న నీళ్ళ సీసా తన మెడలో వేసుకుని బయల్దేరేవాడు. అంత పొడుగు మనిషి మెడలో బాతుబొమ్మ సీసా వేలాడుతుంటే చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు.

ఎండలు ముదిరిన కొత్తల్లో ఒకరోజు నేను ట్రేలు దింపుతుంటే బేకరీ తలుపు ధడాలున తెరుచుకుంది. మామయ్య. చేతుల్లో పిడుగు. అది ఏడుస్తున్న తీరు వినగానే నా గుండె గుభేలుమంది. గౌను పైకెత్తి చూస్తే రెండు తొడల వెనకా ఎర్రగా కమిలిపోయి ఉంది.

"జారుడుబల్లమ్మా..." అన్నాడు.

పిల్లని తీసుకుపోయి కుళాయి కింద కూచోబెట్టాను. మా యజమాని వెన్న పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "వెన్న రొట్టెకి రాయండి, పిల్లకి కాదు" అని తోసేశాను. కాలడం గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా ముంజేతులు చూస్తే తెలుస్తుంది. అది ఏడుపు మాని నీళ్ళతో ఆడడం మొదలుపెట్టేదాకా కుళాయి కట్టలేదు. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, పైపైన కాలింది, మచ్చ కూడా మిగలదు అంది. "పిల్లల చర్మం మనకంటే పల్చన కదా, మనకి వెచ్చగా తగిలేది వాళ్ళకి కాలిపోతుంది" అని కూడా అంది. ఆ మాట విని మామయ్య తన అరచేతులు చూసుకున్నాడు. జీవితమంతా వేడి దీపాలు తిప్పి తిప్పి అవి చెక్కలా అయిపోయాయి.

ఇంటికొచ్చాక అడిగాను.

"ఎక్కేముందు చెయ్యి పెట్టి చూడలేదా మామయ్యా?"

"చూద్దామనే అనుకున్నానమ్మా. ఈలోపు అది పైకెక్కేసింది. వెనకాల మెట్ల మీద పిల్లలందరూ నిలబడిపోయారు. పై నుంచి చేతులూపుతోంది. ఇంక వద్దని ఎలా అనను?"

నాకు భయమేసింది ఆ ఆఖరి మాటకే. ఎండ ఎవరినైనా మోసం చేస్తుంది. కానీ పిల్లలు వరసలో నిలబడి చూస్తుంటే వద్దు అనలేని మనిషి చేతుల్లో నా పిల్లని ఎలా పెట్టి పోను? రేపు జారుడుబల్ల కాకపోతే ఇంకోటి. ఆయన మెడలోంచి బాతు సీసా నేనే తీశాను.

"నేను లేకుండా దీన్ని ఆటస్థలానికి తీసుకెళ్ళకండి మామయ్యా."

"అలాగేనమ్మా" అన్నాడు. ఎదురు చెబుతాడేమో, నాలుగు మాటలు అనుకుని తేల్చుకుందామనుకున్నాను. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు.

అంతటితో పోయిందా అంటే పోలేదు. మామయ్య పిల్లని ఎత్తుకోవడం కూడా మానేశాడు. అది చేతులు చాపి దగ్గరికొస్తే "నానమ్మ దగ్గరికి వెళ్ళు తల్లీ" అని పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఆ పేపరు తలకిందులుగా ఉన్నా పట్టించుకునేవాడు కాదు. అది కాసేపు పేపరు కింద నుంచి తొంగి చూసి, లాభం లేదని వెళ్ళిపోయేది. చూసి జాలిపడేదాన్ని. అలాగని మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంట్లో కట్టేసిన పిడుగు మాత్రం ఇల్లు పీకి పందిరేసింది. పరుపు మీంచి జారింది, బీరువా సొరుగులోంచి జారింది, అత్తయ్య కుట్టుమిషను మీంచి కూడా జారింది. ఏదైనా ముట్టుకునే ముందు చెయ్యి తిరగేసి వెనక వైపు ఆనించి చూడమని దానికి నేర్పాను. బేకరీలో ట్రే దగ్గర మేం చేసేది అదే. అరచెయ్యి మొండిది, చేతి వెనక చర్మం నిజం చెబుతుంది. ఇంకేం, అది ఇంట్లో ప్రతిదానికీ పరీక్ష పెట్టింది. కుర్చీకి, చెప్పులకి, పక్కింటి పిల్లికి. "కాలట్లేదు. ఎక్కొచ్చు" అని తీర్పు చెప్పి పిల్లి మీద ఎక్కబోయింది. ఆ తర్వాత పిల్లి మా గుమ్మం తొక్కలేదు.

వారం తిరక్కుండానే అత్తయ్యకి ఓపిక నశించింది.

"ఏమండీ, ఆ పేపరు పక్కన పెట్టి మంచం కింద పెట్టె లాగండి" అంది.

"ఎందుకే?"

"ఆకాశం దింపాలి."

ఆకాశం అంటే ఒక పాత తెర. నాటకశాలవాళ్ళు పారేస్తుంటే ఆవిడ తెచ్చుకుంది. పల్చటి బట్ట మీద నీలం రంగు, అక్కడక్కడా తెల్లటి మబ్బులు. ఎన్ని నాటకాల్లో దాని కింద రాజులు ఏడ్చారో లెక్కలేదు. ఆవిడ రెండు రోజులు చిరుగులు కుట్టింది, అంచులకి గట్టి పట్టీ వేసింది. మామయ్య ఆటస్థలం చూసుకునే తోటమాలి దగ్గరికి వెళ్ళి, జారుడుబల్ల పక్కన స్తంభాలు పాతుకోవడానికి ఒప్పించాడు.

తోటమాలి ఒప్పుకున్నాడు కానీ ఒక మాటన్నాడు. "పాతుకోండి పెద్దాయనా. కానీ ఇంకో పిల్ల కాలిందంటే మాత్రం వానలు పడేదాకా గేటుకి తాళమే."

మామయ్య పొద్దున్నే లేచి ఆకాశం కట్టాడు. నీడ జారుడుబల్ల మీద అంగుళం కూడా తప్పకుండా పడింది. నాలుగు వైపుల నుంచీ చూసుకుని, నాటకం ముందు దీపాలు సరిచూసుకున్నట్టు ఒక కన్ను మూసి కూడా చూసుకుని, గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. "సాయంత్రం చూద్దురుగాని" అన్నాడు.

ఆరోజు నాకు సెలవు. సాయంత్రం అందరం వెళ్ళాం. ఆకాశం కట్టినచోటే ఉంది. నీడ మాత్రం ఎటో పోయింది. వెతికితే తోటమాలి బెంచీ మీద దొరికింది. దాని కింద తోటమాలి హాయిగా గురకపెట్టి నిద్రపోతున్నాడు. జారుడుబల్ల మాత్రం ఎండకి తళతళలాడుతోంది.

మామయ్య నోరు తెరిచి నిలబడిపోయాడు. అత్తయ్య ముందు ఆయన్ని చూసింది, తర్వాత పైకి చూసింది.

"మీ దీపాలంటే ఎక్కడ బిగిస్తే అక్కడే పడుంటాయి. సూర్యుడేమన్నా మీ కింద ఉద్యోగం చేస్తున్నాడా?"

నేను నవ్వాపుకోలేకపోయాను. నాతో పాటు అక్కడున్న తల్లులంతా నవ్వారు. ఆ నవ్వులకి తోటమాలి లేచి, "ఎవరు కట్టారో గానీ, ఇలాంటి నిద్ర నాకు పెళ్ళయ్యాక పట్టలేదు" అన్నాడు. చాలారోజుల తర్వాత మామయ్య కూడా నవ్వాడు.

మర్నాటికి మనిషి మారిపోయాడు. నాటకశాలలో పాత దోస్తుల్ని పట్టుకుని కప్పీలు తెచ్చాడు, తాళ్ళు తెచ్చాడు. స్తంభాల మధ్య తీగలు లాగి, వాటి మీద ఆకాశం తెరలా జరిగేట్టు చేశాడు. సూర్యుడు పడమటికి దిగుతున్న కొద్దీ ఆయన ఇటు తాడు లాగుతాడు, ఆకాశం అటు జరుగుతుంది. నీడ జారుడుబల్లని వదలదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాడు దగ్గర ఆయనే.

అక్కడితో ఆగితే మా మామయ్య ఎందుకవుతాడు? ఒక ఇత్తడి గంట కూడా తెచ్చాడు. సాయంత్రం మొదటి బెల్లుకి టోపీలు, చెప్పులు సరిచూసుకోవాలి. రెండో బెల్లుకి అందరూ నీడలో కూచుని నీళ్ళు తాగాలి. తాగనివాళ్ళకి వేషం లేదు. అప్పుడు మామయ్య మెట్లెక్కి జారుడుబల్ల మీద, ఉయ్యాల గొలుసుల మీద చెయ్యి తిరగేసి ఆనిస్తాడు. అన్నీ బాగుంటే మూడో బెల్లు. పిల్లలు "లేచింది తెర!" అని అరుస్తూ పరిగెడతారు. అత్తయ్య బెంచీ మీద కూచుని ఎవరి మొహం ఎర్రబడినా కనిపెట్టేది. "ఒరేయ్ ఎర్రచొక్కా, నీ మొహానికి రంగెక్కువైంది, లోపలికి రా" అని నీడలోకి పిలిచి, తడిగుడ్డతో మెడ తుడిచి, నీళ్ళు పట్టించి గానీ వదిలేది కాదు. మధ్యలో మళ్ళీ గంట కొట్టి విశ్రాంతి. ఇంట్లో గ్లాసు నీళ్ళు తాగించాలంటే యుద్ధం చేయించే పిల్లలు గంట మోగితే చాలు, గటగటా తాగేసేవాళ్ళు. పక్క వీధుల వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు.

నా సెలవురోజుల్లో పిడుగుని నేనే తీసుకెళ్ళేదాన్ని. అదీ జారేది, నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. మిగిలిన రోజుల్లో పక్కింటావిడ కాపలాతో ఇంట్లోనే. ఒకరోజు అత్తయ్య అడిగేసింది.

"వీధిలో పిల్లలందరినీ ఆయన చేతికి వదులుతున్నారు. నీ పిల్లకే తాళమా?"

"తెర బాగుంది అత్తయ్యా. గంట ఇంకా బాగుంది. కానీ మామయ్య వద్దు అనగలరా? అది నాకు తెలీదు. ఇప్పటిదాకా ఆయనకి వద్దు అనాల్సిన అవసరం రాలేదు."

అత్తయ్య సూదిలో దారం ఎక్కించుకోసాగింది. అంటే ఆవిడకీ తెలీదన్నమాట.

తర్వాత ఒకరోజు పొద్దున్నుంచే వడగాలి. బేకరీలో పొయ్యి ముందు నిలబడితే బయటికంటే అదే నయం అనిపించింది. సాయంత్రం కాకముందే కరెంటు పోయి, పిండి కలిపే మిషను ఆగిపోయింది. మిగిలిన బన్నులు సంచిలో వేసిచ్చి యజమాని మమ్మల్ని పంపించేశాడు. ఆటస్థలం పక్క నుంచి వస్తున్నాను. మొదటి బెల్లు వినపడింది. తర్వాత రెండోది.

కంచె దగ్గర ఆగి చూస్తే పిల్లల మధ్యలో మా పిడుగు! టోపీ పెట్టుకుని, నానమ్మ ఒళ్ళో కూచుని, బాతు సీసా ఎత్తి నీళ్ళు తాగుతోంది. కోడలి మాటకి అత్తగారు ఎంత విలువిచ్చిందో చూడండి! నాకు ఒళ్ళు మండింది. గేటు వైపు రెండడుగులు వేశాను.

అప్పటికి మామయ్య మెట్లెక్కుతున్నాడు. గాలి తగ్గింది. ఆకాశం చక్కగా పరుచుకుని ఉంది, నీడ జారుడుబల్ల నిండా పడింది. పిల్లలు అప్పుడే వరస కట్టేశారు. మామయ్య చెయ్యి తిరగేసి రేకు మీద ఆనించాడు. తీసేశాడు. మళ్ళీ ఆనించాడు. కింద పిల్లలు "బెల్లు! బెల్లు!" అని అరవడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా మా పిడుగే.

ఆయన మెల్లగా మెట్లు దిగాడు. గంట దగ్గరికి వెళ్ళి, దాని నాలుకకి జేబురుమాలు చుట్టి ముడేశాడు.

"ఈరోజు ఆట లేదు" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో పిల్లాడి నాన్న ముందుకొచ్చాడు. "అదేంటి పెద్దాయనా, నీడ నిండుగా పడింది కదా!"

"నీడ ఇప్పుడు పడింది బాబూ. మధ్యాహ్నం గాలికి తెర చిరిగిపోతుందని చుట్టేశాను. రేకు అప్పట్నుంచీ ఎండలోనే ఉంది. ఇంకా చల్లారలేదు."

"మావాడు ప్యాంటు వేసుకున్నాడు లెండి. ఒక్కసారి జారితే ఏం కాదు. అంత దూరం నుంచి వచ్చాం."

"చేతులకి ప్యాంటు లేదుగా. క్షమించు బాబూ. రేపు రండి."

పిల్లల ఏడుపు మొదలైంది. ఒకడు ఇసుకలో బోర్లాపడ్డాడు. పిడుగు నానమ్మ ఒళ్ళోంచి దూకి, పరిగెత్తుకెళ్ళి తాతయ్య కాళ్ళు చుట్టేసుకుంది.

"ఒక్కసారి తాతయ్యా! నాకొక్కదానికే!"

"వద్దు తల్లీ."

"తాతయ్య చెడ్డోడు!" అని అక్కడే కూలబడి కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చింది.

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంతమంది ముందు జీవితంలో మొదటిసారి ఆట ఆపాడు. కానీ కదల్లేదు. జారుడుబల్ల మెట్లకి అడ్డంగా, అలాగే నిలబడ్డాడు.

నేను గేటు తీసుకుని లోపలికెళ్ళాను. నన్ను చూడగానే అత్తయ్య చీరకొంగు సర్దుకుని, దూరంగా ఏదో చాలా ముఖ్యమైనది కనిపించినట్టు అటు చూడసాగింది. మామయ్య మాత్రం నా వైపే చూశాడు.

"నేను తీసుకురమ్మనలేదమ్మా..." అని నీళ్ళు నమిలాడు.

ఏడుస్తున్న పిడుగు పక్కన పడి ఉన్న బాతు సీసా తీసి, ఇసుక దులిపి, ఆయన మెడలో వేశాను. మెడ పొడుగు కదా, కాస్త మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

"రేపు నేను పనికెళ్ళేలోపు దీని టోపీ ఉతికి ఆరేస్తాను మామయ్యా. మర్చిపోకుండా పెట్టండి" అన్నాను.

ఆయన సీసా వైపు చూసుకున్నాడు. తల ఊపాడు. తర్వాత కళ్ళలో ఇసుక పడిందని చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ సమయానికి గాలే లేదు.

సంచిలో బన్నులు పంచేసరికి ఏడుపులన్నీ ఆగిపోయాయి. ఆకాశం కింద కూచుని అందరం తిన్నాం. ఆట ఆపిన రోజే అందరికంటే ఎక్కువ సందడి చేశాం. ప్యాంటు వాడి నాన్న రెండు బన్నులు తిన్నాడు. పిడుగు మాత్రం తాతయ్యతో మాట్లాడలేదు. తన బన్నులో సగం తుంచి ఆయన మోకాలి మీద పెట్టి, మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత వేసవి ఎలా గడిచిందో తెలీదు. రోజూ మూడు బెల్లులు. ఇంకో రెండు సార్లు ఆట ఆగింది కూడా. అప్పుడు అడిగినవాళ్ళు లేరు. మామయ్య చెయ్యి చూసి, పిల్లలే "ఆట లేదు!" అని అరుచుకుంటూ నీడలో ఇసుక దగ్గరికి పరిగెత్తేవారు. గేటుకి తాళం పడలేదు. తోటమాలి బెంచీని కూడా తెర కిందికి జరుపుకున్నాడు. పిడుగు రోజూ తాతయ్య వేలు పట్టుకుని వెళ్ళేది, వేలు పట్టుకుని వచ్చేది. కానీ ఒకటి మాత్రం మారలేదు. ఆయన దాన్ని ఎత్తుకునేవాడు కాదు. వేలు దాకానే.

ఎండలు ఆఖరుకొచ్చాక ఒకనాడు, నా సెలవురోజు, పొద్దున్నుంచీ మబ్బు పట్టింది. చల్లటి గాలి. ఆటస్థలానికి వెళ్ళేసరికి మామయ్య ఏం చెయ్యాలో తోచక తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిజం ఆకాశంలోనే మబ్బులుంటే రంగు మబ్బులతో పనేముంది? అత్తయ్య పైకి చూసి, "ఈరోజు దీపాలు ఎవరో బాగా వేశారండీ, మీకంటే" అంది. ఆయన నవ్వి, తాడు వదిలి, తెర చుట్టేశాడు. గంట కొట్టాడు. పిల్లలు ఎగబడ్డారు.

ఆయనొక్కడే జారుడుబల్ల కింది చివర పక్కగా చేతులు వెనక్కి పెట్టుకుని, మెడలో బాతుతో కూచున్నాడు. పిడుగు మెట్ల దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చింది. తాతయ్య ముందు నిలబడి, చెయ్యి తిరగేసి ఆయన బుగ్గకి ఆనించింది. ఒక బుగ్గ అయ్యాక ఇంకో బుగ్గ. ఎక్కడా తొందరపడలేదు.

"కాలట్లేదు" అని నా వైపు తిరిగి చెప్పింది. "ఎక్కొచ్చు."

మామయ్య నన్ను చూశాడు. నేను అక్కడున్న గంట అందుకుని, ఆయన కోసం ఇంకోసారి మూడో బెల్లు కొట్టాను. ఆయన రెండు చేతులూ చాపి దాన్ని ఎత్తుకున్నాడు.